ఒకే మెయిల్ సర్వర్ నుంచి ఏ క్లయింట్ మెయిల్‌ను ఆ క్లయింట్ దారిలోనే పంపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే సర్వర్ మీద అనేక సంస్థల డొమైన్‌లకు మెయిల్ సేవ అందించేవారి కోసం ఈ పేజీని సిద్ధం చేశాము. సమాధానాలన్నీ ప్రధానంగా లైనక్స్ మీద నడిచే పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాంను దృష్టిలో పెట్టుకొని రాసినవి. ఎగ్జిమ్ అనే మరో మెయిల్ ప్రోగ్రాం, సీప్యానెల్ అనే హోస్టింగ్ ప్యానెల్ వాడేవారికి చివరి భాగంలో ఒక ప్రశ్న ఉంది. సెట్టింగుల పేర్లను చదవడానికి వీలుగా తెలుగు లిపిలోనే ఇచ్చాము. ఫైళ్లలో వాటిని యథాప్రకారం చిన్న ఇంగ్లీషు అక్షరాలతో, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో రాయాలి.

సర్వర్ బాగానే నడుస్తోంది. బయటకు వెళ్లే మెయిల్‌ను క్లయింట్ల వారీగా విడదీయవలసిన అవసరం ఏమిటి?

మెయిల్ అందుకునే పెద్ద సంస్థలు పంపే డొమైన్‌తో పాటు అది వచ్చిన ఐపీ అడ్రసును కూడా బట్టి నమ్మకాన్ని లెక్క కడతాయి. ఒక సర్వర్ మీద ఒక ఇంజినీరింగ్ కాలేజీ, ఒక ఆడిటర్ కార్యాలయం, ఒక బట్టల దుకాణం ఉన్నాయనుకుందాం. ఫలితాలు వెలువడిన సాయంత్రం కాలేజీ వేలమంది విద్యార్థుల జీమెయిల్ ఖాతాలకు ఒకేసారి ఉత్తరాలు పంపుతుంది. వాటిలో మూతబడిన ఖాతాలు ఉంటాయి, స్పామ్ బటన్ నొక్కేవారూ ఉంటారు. కాసేపటికి జీమెయిల్ 421 4.7.28 అనే కోడ్‌తో, ఈ ఐపీ నుంచి అసాధారణమైన వేగంతో మెయిల్ వస్తోందని చెప్పి వాయిదా వేయడం మొదలుపెడుతుంది. ఆ వాయిదా ఐపీ మీద పడుతుంది కనుక, రిటర్న్ దాఖలుకు చివరి రోజున ఆడిటర్ తన ఖాతాదారుకు పంపిన ఒకే ఒక్క ఉత్తరం కూడా కాలేజీ ఉత్తరాలతో పాటే నిలిచిపోతుంది. ఆడిటర్ చేసిన తప్పేమీ లేదు. విభజన ఉద్దేశమంతా ఇదే: ఒకరి ప్రవర్తన ఫలితం మరొకరి మీద పడకుండా చూడడం.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ తమ నియమాలను కఠినం చేసిన తరువాత ఈ అవసరం మరింత పెరిగింది. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి పంపేవారికి ఎస్‌పీఎఫ్ (డొమైన్ పేరుతో పంపడానికి అనుమతి ఉన్న ఐపీల జాబితా), డీకిమ్ (ఉత్తరం మీద డొమైన్ డిజిటల్ సంతకం), డీమార్క్ (ఈ రెండింటినీ కనిపించే ఫ్రమ్ డొమైన్‌తో పోల్చే విధానం) మూడూ ఉండాలి, ప్రచార ఉత్తరాలలో ఒక్క నొక్కుతో చందా విరమించుకునే వీలుండాలి, స్పామ్ ఫిర్యాదుల శాతం 0.3కు చేరకూడదు. ఎంత తక్కువ పంపినా రివర్స్ డీఎన్‌ఎస్, అంటే ఐపీ నుంచి పేరు తెలిపే రికార్డు, సరిగ్గా ఉండవలసిందే.

అయితే ప్రతి క్లయింట్‌కూ ఒక ఐపీ కొనాలా?

అక్కరలేదు, చాలా సందర్భాలలో అలా చేయకపోవడమే మంచిది. రోజుకు ముప్పై నలభై ఉత్తరాలు మాత్రమే వెళ్లే ఐపీకి మంచి పేరుగానీ చెడ్డ పేరుగానీ ఏర్పడదు. దాని గురించి అందుకునే సంస్థ దగ్గర సరిపడా సమాచారం ఉండదు కనుక ప్రతి ఉత్తరాన్నీ కొత్తవాడి ఉత్తరంగానే చూస్తుంది. చిన్న కార్యాలయాలు పది కలిసి ఒక శుభ్రమైన ఐపీని పంచుకుంటే అందరికీ మేలు.

మా సిఫారసు, పంపేవారి పేరును కాక పంపే తీరును బట్టి ముందు విడదీయడం. ఇక్కడ దారి అంటే ఉత్తరం బయటకు వెళ్లే ఐపీ, దానికి తగిన సెట్టింగులు. రోజువారీ కార్యాలయ ఉత్తరాలు ఒక దారి, ఓటీపీలు, బిల్లులు, రసీదుల వంటి యాంత్రిక ఉత్తరాలు మరొక దారి, ప్రకటనలు, సామూహిక ఉత్తరాలు ఇంకొక దారి, బయటి నుంచి వచ్చి వేరేచోటికి ఫార్వర్డ్ అయ్యేవి నాలుగో దారి. ఆ తరువాత, ప్రతిరోజూ నిలకడగా పెద్ద మొత్తంలో పంపే క్లయింట్ ఉంటే ఆ ఒక్కరికి సొంత ఐపీ ఇవ్వవచ్చు. ఏడాదికి రెండుసార్లు మాత్రమే ఉప్పెనలా పంపే కాలేజీకి సొంత ఐపీ ఇచ్చినా దాని పేరు నిలబడదు. అటువంటి సామూహిక ఉత్తరాలను ఆ పనికే ఉన్న బయటి సేవ ద్వారా పంపించమని క్లయింట్‌కు నచ్చజెప్పడం నిజాయితీగల సలహా.

మొదలుపెట్టే ముందు ఏమేమి సిద్ధంగా ఉండాలి?

అదనపు ఐపీలు సర్వర్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ మీద శాశ్వతంగా, అంటే రీబూట్ తరువాత కూడా ఉండేలా అమర్చి ఉండాలి. ప్రతి ఐపీకీ ఒక పేరు, ఆ పేరు నుంచి తిరిగి అదే ఐపీకి చేరే రికార్డు, రెండు వైపులా సరిపోవాలి. ఐపీ నుంచి పేరు తెలిపే పీటీఆర్ రికార్డును సాధారణంగా మన డీఎన్‌ఎస్ ప్యానెల్‌లో కాదు, ఐపీ ఇచ్చిన హోస్టింగ్ సంస్థ దగ్గరే పెట్టించుకోవాలని చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. క్లౌడ్ మీద నడిపేవారు, సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే 25వ పోర్టు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఉదాహరణకు అమెజాన్ ఈసీ2లో ఆ పోర్టు ద్వారా బయటకు పంపడం మొదట పరిమితమై ఉంటుంది, అభ్యర్థన పెట్టి తెరిపించుకోవాలి.

కొత్తగా ఇచ్చిన ఐపీని తీసుకున్న రోజే స్పామ్ పంపే ఐపీలను నమోదు చేసే స్పామ్‌హౌస్ వంటి జాబితాలలో వెతికి చూడండి. గతంలో వాడినవారి చరిత్రతో వచ్చిన ఐపీ అయితే మార్చి ఇమ్మని వెంటనే అడగడం, తరువాత శుభ్రం చేసుకోవడం కంటే సులువు.

పోస్ట్‌ఫిక్స్‌లో ఈ విభజనను ఎలా అమర్చాలి?

రెండు చోట్ల పని ఉంటుంది. మొదటిది మాస్టర్.సీఎఫ్ ఫైలు. అందులో ఇప్పటికే ఉన్న, బయటకు పంపే ఎస్‌ఎమ్‌టీపీ సర్వీసు వరుసను చూసి, దాని మాదిరిగానే ప్రతి దారికీ కొత్త పేరుతో ఒక వరుస చేర్చాలి. పేరు "అవుట్-కాలేజీ" అనుకుందాం. ఆ వరుస కింద, కాస్త జరిపి, మూడు ఎంపికలను హైఫన్-ఓ గుర్తుతో ఇవ్వాలి: ఎస్‌ఎమ్‌టీపీ_బైండ్_అడ్రెస్‌కు ఆ దారి ఐపీ, ఎస్‌ఎమ్‌టీపీ_హెలో_నేమ్‌కు (అవతలి సర్వర్‌కు తనను పరిచయం చేసుకునే పేరుకు) ఆ ఐపీ పీటీఆర్‌లో ఉన్న పేరే, సిస్‌లాగ్_నేమ్‌కు లాగ్‌లో గుర్తుపట్టడానికి ఒక పేరు. సమానం గుర్తుకు ఇరువైపులా ఖాళీ ఉండకూడదు.

రెండవది మెయిన్.సీఎఫ్. అందులో సెండర్_డిపెండెంట్_డీఫాల్ట్_ట్రాన్స్‌పోర్ట్_మ్యాప్స్ అనే సెట్టింగుకు ఒక పట్టిక ఫైలును చూపించాలి. ఇది 2.7వ వెర్షన్ నుంచి ఉంది. పట్టికలో ఎడమవైపు పంపేవారి చిరునామా లేదా ఎట్ గుర్తుతో మొదలయ్యే డొమైన్, కుడివైపు దారి పేరు, దాని తరువాత కోలన్. ట్రాన్స్‌పోర్ట్ పట్టికలు రాసిన అలవాటుతో చాలామంది డొమైన్‌ను ఎట్ గుర్తు లేకుండా రాస్తారు; ఈ పట్టికలో అలా రాసిన వరుస ఎప్పటికీ సరిపోలదు, పైగా ఎటువంటి హెచ్చరికా రాదు. ఫైలు రాసిన తరువాత, దానిని పోస్ట్‌ఫిక్స్ వెతకగల రూపంలోకి మార్చే పోస్ట్‌మ్యాప్ కమాండ్ నడిపి, పోస్ట్‌ఫిక్స్‌ను రీలోడ్ చేయాలి.

పట్టికలో పూర్తి చిరునామాను ముందు, డొమైన్‌ను తరువాత వెతుకుతుంది కనుక ఒకే డొమైన్‌లో కూడా విభజన సాధ్యమే. దుకాణం వారి బిల్లుల చిరునామాను ఒక దారికి, ఆఫర్ల చిరునామాను మరొక దారికి, మిగిలిన సిబ్బంది చిరునామాలను సాధారణ దారికి పంపవచ్చు.

పట్టికలో లేని పంపేవారందరూ డీఫాల్ట్ దారిలో వెళ్తారు. ఆ దారికి మీ అతి శుభ్రమైన ఐపీని ఇవ్వకండి. తెలియని మెయిల్ అంతా వచ్చి చేరే చోటు అది.

పట్టికలో వెతికి చూపే పోస్ట్‌మ్యాప్ -క్యూ కమాండ్ సరైన సమాధానమే ఇస్తోంది, అయినా మెయిల్ పాత ఐపీ నుంచే వెళ్తోంది. కారణం ఏమిటి?

కారణాలు నాలుగైదు ఉన్నాయి, ఈ వరుసలో చూస్తే త్వరగా దొరుకుతాయి.

మొదట, పట్టిక చూసేది ఎన్వలప్ సెండర్‌ను, అంటే ఎస్‌ఎమ్‌టీపీ సంభాషణలో మెయిల్ ఫ్రమ్‌గా వచ్చిన చిరునామాను. పాఠకుడికి కనిపించే ఫ్రమ్ వరుసతో దానికి సంబంధం లేదు. వెబ్‌సైట్‌లోని సంప్రదింపు ఫారం పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ ద్వారా పంపితే, ఫ్రమ్ వరుసలో క్లయింట్ చిరునామా ఉన్నా ఎన్వలప్‌లో వెబ్ సర్వర్ యూజర్ పేరు, మీ సర్వర్ పేరు ఉంటాయి. లాగ్‌లో క్యూ మేనేజర్ (పంపవలసిన ఉత్తరాల వరుసను నడిపే భాగం) రాసే ఫ్రమ్ విలువ ఎన్వలప్‌దే కనుక ముందు అక్కడ చూడండి.

రెండవది, ట్రాన్స్‌పోర్ట్_మ్యాప్స్‌లో ఆ గ్రహీత డొమైన్‌కు ఏదైనా వరుస ఉంటే అదే నెగ్గుతుంది. ఎప్పుడో జీమెయిల్‌కు నెమ్మదిగా పంపాలని రాసుకున్న ఒక వరుస, ఈరోజు క్లయింట్లందరి జీమెయిల్ ఉత్తరాలనూ ఒకే ఐపీకి మళ్లిస్తూ ఉండవచ్చు.

మూడవది ఐపీవీ6. ఎస్‌ఎమ్‌టీపీ_బైండ్_అడ్రెస్ ఐపీవీ4కే వర్తిస్తుంది. జీమెయిల్ ఐపీవీ6లోనూ మెయిల్ తీసుకుంటుంది కాబట్టి, మీ సర్వర్‌కు ఐపీవీ6 ఉంటే ఉత్తరం ఆ వైపు నుంచి, అందరికీ ఉమ్మడిగా ఉన్న చిరునామాతో వెళ్లిపోతుంది. ఎస్‌ఎమ్‌టీపీ_బైండ్_అడ్రెస్6 కూడా ఇవ్వండి. లేదా ఆ దారికి ఐనెట్_ప్రోటోకాల్స్‌ను ఐపీవీ4కే పరిమితం చేయండి. ఐపీవీ6లో విడదీసేటప్పుడు ఒక్కొక్క దారికి వేరు వేరు /64 (ఐపీవీ6 చిరునామాల ఒక పెద్ద గుంపు) కేటాయించడం మంచిది, ఎందుకంటే స్పామ్‌హౌస్ వంటి జాబితాలు ఐపీవీ6ను విడి చిరునామాగా కాక /64 మొత్తంగా చూస్తాయి. ఒకే /64లో పది చిరునామాలు ఇచ్చి విభజించామని అనుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

నాలుగవది కనిపెట్టడం కష్టం. చెప్పిన ఐపీ ఇంటర్‌ఫేస్ మీద లేకపోతే పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో ఒక హెచ్చరిక మాత్రం రాసి, మామూలు ఐపీ నుంచే పంపేస్తుంది. రీబూట్ తరువాత అదనపు ఐపీ పైకి రాకపోతే క్లయింట్లందరూ నిశ్శబ్దంగా కలిసిపోతారు. 3.7వ వెర్షన్ నుంచి ఎస్‌ఎమ్‌టీపీ_బైండ్_అడ్రెస్_ఎన్‌ఫోర్స్ అనే సెట్టింగు ఉంది. దానిని యెస్ అని పెడితే, ఐపీ దొరకనప్పుడు పంపడం ఆపి వాయిదా వేస్తుంది. తప్పు దారిలో పోవడం కంటే కాసేపు ఆగడం మేలని భావించేవారు దీనిని తప్పక పెట్టుకోవాలి, మేమైతే ప్రతి దారికీ పెడతాము.

ఇవన్నీ సరిగ్గా ఉంటే సర్వర్ ముందున్న ఫైర్‌వాల్‌ను చూడండి. చిరునామాలను మార్చి పంపే నాట్ నియమం ఉంటే, సర్వర్ ఏ ఐపీ నుంచి పంపినా బయటి ప్రపంచానికి ఒకటే కనిపిస్తుంది.

ఒక క్లయింట్ మరొక క్లయింట్ డొమైన్ పేరుతో పంపితే ఏమవుతుంది?

మీరు ఆపకపోతే ఆ ఉత్తరం రెండవ క్లయింట్ దారిలోనే, రెండవ క్లయింట్ డీకిమ్ సంతకంతోనే, అన్ని పరీక్షలూ నెగ్గి చేరుతుంది. దారిని నిర్ణయించేది పంపేవాడు చెప్పుకున్న చిరునామా కనుక, ఆ చిరునామా నిజమని లాగిన్‌తో ముడిపెట్టనంత వరకు ఐపీల విభజనకు అర్థం లేదు. మా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో అత్యంత ముఖ్యమైన సమాధానం ఇదే.

ఎస్‌ఎమ్‌టీపీడీ_సెండర్_లాగిన్_మ్యాప్స్ అనే పట్టికలో ఏ చిరునామాను ఏ లాగిన్ వాడవచ్చో రాయాలి. యూజర్లు లాగిన్ అయి పంపే 587, 465 పోర్టుల సర్వీసులలో, పంపేవారి నియమాల కింద, అనుమతించే నియమం కంటే ముందు రిజెక్ట్_సెండర్_లాగిన్_మిస్‌మ్యాచ్ ఉంచాలి. అప్పుడు తనది కాని చిరునామాతో పంపబోయిన లాగిన్‌ను, ఆ చిరునామా బయటి డొమైన్‌దైనా సరే, సర్వర్ తిరస్కరిస్తుంది. ఇదే నియమాన్ని 25వ పోర్టు మీద పెట్టేముందు ఆలోచించండి. మీ క్లయింట్ల చిరునామాలతో బయటి నుంచి న్యాయంగా తిరిగి వచ్చే కొన్ని ఉత్తరాలు కూడా ఆగిపోవచ్చు. ఈ నియమం ఎన్వలప్‌ను మాత్రమే పరిశీలిస్తుంది. కనిపించే ఫ్రమ్ వరుసను కూడా లాగిన్‌తో పోల్చాలంటే మిల్టర్ అనే మెయిల్ తనిఖీ ప్రోగ్రాం అవసరం.

లాగిన్ లేకుండా సర్వర్ లోపలి నుంచే సెండ్‌మెయిల్ కమాండ్ ద్వారా పంపే స్క్రిప్టులు రెండో ద్వారం. వాటికి పై నియమాలేవీ వర్తించవు. వెబ్‌సైట్లు కూడా అదే సర్వర్ మీద ఉంటే ఆథరైజ్డ్_సబ్మిట్_యూజర్స్‌లో రూట్ వంటి అవసరమైన యూజర్లను మాత్రమే ఉంచి, వెబ్‌సైట్లన్నీ తమ తమ లాగిన్‌తో 587 ద్వారా పంపేలా మార్చడం శ్రేయస్కరం. క్లయింట్ల వెబ్ డెవలపర్లు మొదట విసుక్కుంటారు. అయినా పట్టుబట్టండి, ఎందుకంటే పాత ప్లగిన్ ద్వారా చొరబడినవాడు ముందుగా వెతికేది ఈ ద్వారాన్నే.

చిరునామాను బట్టి కాకుండా నేరుగా లాగిన్‌ను బట్టే దారి ఎంచుకోవచ్చా?

2.11 నుంచి చెక్_ఎస్‌ఏఎస్‌ఎల్_యాక్సెస్ అనే నియమం ఉంది. దాని పట్టికలో లాగిన్‌కు ఎదురుగా ఫిల్టర్ చర్య, దారి పేరు, కోలన్ రాసి, గమ్యాన్ని ఖాళీగా వదిలితే గ్రహీత డొమైన్‌కే ఆ దారిలో వెళ్తుంది. కానీ ఫిల్టర్ చర్య ఆ ఉత్తరంలోని గ్రహీతలందరికీ వర్తిస్తుంది. వారిలో ఒకరు ఇదే సర్వర్ మీద ఉన్నా, ఆ ప్రతిని కూడా బయటకు పంపే దారిలోనే తోసేస్తుంది. ఒకే సర్వర్ మీది క్లయింట్లు ఒకరికొకరు రాసుకోవడం మామూలే కనుక, లాగిన్‌ను చిరునామాతో ముడిపెట్టి చిరునామాను బట్టి దారి ఎంచుకునే పద్ధతే నిలకడైనది.

దారికొక వేగ పరిమితి ఎలా పెట్టాలి?

పరిమితులను మాస్టర్.సీఎఫ్‌లో దారి వరుస కింద హైఫన్-ఓ గుర్తుతో రాయడం తరచూ కనిపించే పొరపాటు. ఒకే గమ్యానికి ఏకకాలంలో ఎన్ని డెలివరీలు, వాటి మధ్య ఎంత విరామం అనేవి పంపే ప్రోగ్రాం చేతిలో లేవు, క్యూ మేనేజర్ చేతిలో ఉన్నాయి. క్యూ మేనేజర్ చదివేది మెయిన్.సీఎఫ్‌ను. అందుకని మెయిన్.సీఎఫ్‌లో, దారి పేరు ముందు పెట్టి, దాని వెనుక _డెస్టినేషన్_కంకరెన్సీ_లిమిట్ అనీ, _డెస్టినేషన్_రేట్_డిలే అనీ రాయాలి. మొదటిదాని డీఫాల్ట్ 20. సామూహిక ఉత్తరాల దారికి దానిని రెండుకో మూడుకో తగ్గించండి. విరామం లెక్క ఒక్కొక్క గమ్య డొమైన్‌కు విడివిడిగా ఉంటుంది. దారి మొత్తానికి కలిపి విరామం కావాలంటే 3.1 నుంచి దారి పేరుతో మొదలయ్యే _ట్రాన్స్‌పోర్ట్_రేట్_డిలే ఉంది.

ఇవి బయటకు పోయే వేగాన్నే ఆపుతాయి, లోపలికి వచ్చే ఉప్పెనను కాదు. పాస్‌వర్డ్ దొంగిలించినవాడు గంటలో యాభై వేల ఉత్తరాలు అప్పగిస్తే అవన్నీ మీ క్యూలో కూర్చుంటాయి. పోస్ట్‌ఫిక్స్‌లోని అన్విల్ (కనెక్షన్లను లెక్కించే భాగం) పరిమితులు కనెక్ట్ అయిన ఐపీని బట్టి లెక్కిస్తాయి, వందల ఐపీల నుంచి ఒకే లాగిన్ వాడేవాడిని అవి పట్టుకోలేవు. లాగిన్‌కు గంటకు ఇన్ని అని లెక్కించే పాలసీ సర్వీసు, పోస్ట్‌ఎఫ్‌డబ్ల్యూడీ వంటిది, తప్పనిసరిగా పెట్టుకోవాలి.

ఐపీలు వేరు చేశాము. అయినా ఒకరి ఉప్పెన వల్ల మరొకరికి ఆలస్యం కావచ్చా?

కావచ్చు. దారులు వేరైనా క్యూ ఒకటే. పోస్ట్‌ఫిక్స్ యాక్టివ్ క్యూలో ఒకేసారి ఉండగల ఉత్తరాల పరిమితి డీఫాల్ట్‌గా 20,000. నెమ్మదిగా కదిలే ఒక దారి ఉత్తరాలు ఆ స్థలాన్ని నింపేస్తే, వేగంగా పోగల దారి ఉత్తరాలు ఇన్‌కమింగ్ క్యూలోనే ఎదురుచూడాలి. ఇటువంటి స్థితిలో క్యూషేప్ కమాండ్‌ను ఇన్‌కమింగ్, యాక్టివ్ క్యూల మీద విడివిడిగా నడిపితే పరిస్థితి స్పష్టంగా కనిపిస్తుంది.

దీనికి సరైన మార్గం పోస్ట్‌మల్టీ కమాండ్ ద్వారా పోస్ట్‌ఫిక్స్‌కు వేరొక ఇన్‌స్టెన్స్, అంటే విడిగా నడిచే మరో ప్రతి, పెట్టుకోవడం. 2.6 నుంచి ఈ సౌకర్యం ఉంది. ప్రతి ఇన్‌స్టెన్స్‌కూ సొంత సెట్టింగుల డైరెక్టరీ, సొంత క్యూ, సొంత డేటా డైరెక్టరీ ఉంటాయి. ఐనెట్_ఇంటర్‌ఫేసెస్‌లో లూప్‌బ్యాక్ కాని ఒకే ఐపీ ఇస్తే బయటకు పంపేటప్పుడు కూడా అదే వాడుతుంది. అందరికీ ఇన్‌స్టెన్స్‌లు అక్కరలేదు. సామూహిక ఉత్తరాలకు ఒకటి, మిగిలినవారికి ఒకటి ఉంటే చాలా సర్వర్లకు సరిపోతుంది. పెద్ద క్యూను ఆపడం, పరిశీలించడం, అవసరమైతే ఖాళీ చేయడం కూడా అప్పుడు మిగతావారిని తాకకుండా చేయవచ్చు.

ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్‌లలో ఏమి మార్చాలి?

ప్రతి దారికీ మీ డొమైన్‌లో ఒక చిన్న ఎస్‌పీఎఫ్ రికార్డు పెట్టి, అందులో ఆ దారి ఐపీలను మాత్రమే రాసి, క్లయింట్ల రికార్డులలో దానిని ఇన్‌క్లూడ్ చేయించండి. రేపు ఐపీ మారితే మీ దగ్గర ఒక్కచోట మారుస్తారు. ఐపీలన్నింటినీ ఒకే ఉమ్మడి రికార్డులో పెట్టి అందరి చేతా ఇన్‌క్లూడ్ చేయించడం తేలికే, కానీ అప్పుడు ఎవరి దారి నుంచి వచ్చినా అందరి డొమైన్‌లకూ ఎస్‌పీఎఫ్ నెగ్గుతుంది, విడదీసిన ప్రయోజనం సగం పోతుంది. ఎస్‌పీఎఫ్ పరిశీలనలో డీఎన్‌ఎస్‌ను అడిగించే పదాలు 10కి మించకూడదు. ఇన్‌క్లూడ్ ఆ లెక్కలోకి వస్తుంది, ఐపీ4, ఐపీ6 అని నేరుగా రాసినవి రావు.

డీకిమ్ సంతకం క్లయింట్ డొమైన్‌తోనే ఉండాలి. సంతకం చేసే ప్రోగ్రాంలైన ఓపెన్‌డీకిమ్‌లో సైనింగ్ టేబుల్, కీ టేబుల్ ద్వారా, లేదా ఆర్‌స్పామ్‌డీలో డొమైన్ వారీగా ఇది సులువే. 2048 బిట్ల కీ పెట్టినప్పుడు డీఎన్‌ఎస్ టెక్స్ట్ రికార్డులో ఒక్క ముక్క 255 అక్షరాలకు మించకూడదు కనుక దానిని రెండు ముక్కలుగా రాయాలి.

డీమార్క్ నెగ్గాలంటే ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్‌లలో కనీసం ఒకటి, కనిపించే ఫ్రమ్ డొమైన్‌తో సరిపోవాలి. బౌన్సుల (ఉత్తరం చేరలేదని తిరిగి వచ్చే సమాచారం) కోసం ఎన్వలప్‌లో మీ సొంత డొమైన్ వాడే పద్ధతి ఉంటే ఎస్‌పీఎఫ్ నెగ్గినా డీమార్క్‌కు అది పనికిరాదు, భారమంతా డీకిమ్ మీదే ఉంటుంది.

ఫార్వర్డ్ అయ్యే ఉత్తరాలు, బౌన్సులు ఏ దారిలో పోతాయి?

ఫార్వర్డ్ అయ్యే ఉత్తరంలో ఎన్వలప్ సెండర్ ఎవరో బయటివారు. పట్టికలో దొరకరు కనుక డీఫాల్ట్ దారిలో వెళ్తుంది. తన కార్యాలయ చిరునామాకు వచ్చినదంతా జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకునే యజమాని, తనకు వచ్చే స్పామ్‌ను కూడా మీ ఐపీ నుంచి జీమెయిల్‌కు పంపిస్తున్నాడు. అందుకే దానికి వేరే ఐపీ ఉండాలని పైన అన్నాము. ఫార్వర్డ్ ఉత్తరాలలో పంపేవారి చిరునామాను మార్చే పోస్ట్‌ఎస్‌ఆర్‌ఎస్‌డీ అనే ప్రోగ్రాంతో దానిని తిరగరాస్తే ఎన్వలప్ సెండర్ మీ ఎస్‌ఆర్‌ఎస్ డొమైన్‌కు మారుతుంది. ఆ డొమైన్‌ను పట్టికలో ఫార్వర్డింగ్ దారికి రాస్తే సరి.

బౌన్సులకు పంపేవారి చిరునామా ఖాళీగా ఉంటుంది. పట్టికలో వాటిని వెతికే కీ, పక్కపక్కన పెట్టిన కోణాకార బ్రాకెట్ల జత. దానికి ఒక వరుస రాసి, బౌన్సులను కూడా ఫార్వర్డింగ్ దారికే పంపండి.

ఉత్తరం నిజంగా ఏ దారిలో వెళ్లిందో లాగ్‌లో ఎలా తెలుస్తుంది?

పోస్ట్‌ఫిక్స్ డెలివరీ వరుసలో అవతలి సర్వర్ ఐపీ ఉంటుంది కానీ మన ఐపీ ఉండదు. అందుకే సిస్‌లాగ్_నేమ్ దారికొకటి పెట్టమన్నది. వరుస మొదట్లో ఆ పేరు, తరువాత క్యూ ఐడీ, గ్రహీత, రిలే, ఆ పైన డిలే, డిలేస్ అనే విలువలు వస్తాయి.

డిలేస్ విలువను చదవడం నేర్చుకోండి, ఆలస్యం మీద క్లయింట్ ఫిర్యాదు చేసినప్పుడు అదే సాక్ష్యం. ఉదాహరణకు 0.3/5400/0.6/1.1 అని ఉందనుకుందాం. మొదటి అంకె ఉత్తరం అందినప్పటి నుంచి చివరిసారి యాక్టివ్ క్యూలో చేరేవరకు పట్టిన సమయం, రెండవది క్యూ మేనేజర్ దగ్గర గడిచినది, మూడవది డీఎన్‌ఎస్, కనెక్షన్, టీఎల్‌ఎస్ వంటి ఏర్పాట్లకు, నాలుగవది ఉత్తరాన్ని పంపడానికి. ఇక్కడ గంటన్నర మొత్తం రెండవ అంకెలో ఉంది. అంటే అవతలివారి దోషం కాదు, మన పరిమితులే బిగుతుగా ఉన్నాయి. అదే సమయం మొదటి అంకెలో ఉంటే సాధారణంగా అవతలి సర్వర్ ఒకటి రెండుసార్లు వాయిదా వేసినట్లు. అదే క్యూ ఐడీతో వెనక్కి వెతికితే కారణం దొరుకుతుంది.

చివరి రుజువు మాత్రం చేరిన ఉత్తరంలోని రిసీవ్డ్ హెడర్. స్వాక్స్ అనే మెయిల్ పరీక్ష సాధనంతో ప్రతి దారి నుంచీ ఒక జీమెయిల్ ఖాతాకు పరీక్ష ఉత్తరం పంపి, ఐపీ, హెలో పేరు, ఎస్‌పీఎఫ్, డీకిమ్ ఫలితాలను హెడర్లలో చదివి ఒక పట్టికలో రాసిపెట్టుకోండి.

ఉన్న ఐపీలన్నింటి మధ్య ఉత్తరాలను వంతులవారీగా తిప్పితే సరిపోదా?

సరిపోదు. యాదృచ్ఛికంగా ఒక దారిని ఎంచే పోస్ట్‌ఫిక్స్ ర్యాండ్‌మ్యాప్‌తో అలా చేయడం సాధ్యమే, కానీ ఒకరి చెడ్డ పేరు అన్ని ఐపీలకూ పాకుతుంది. పైగా తక్కువ తక్కువగా అనేక ఐపీల నుంచి పంపడం స్పామ్ ముఠాల పాత అలవాటు. స్పామ్‌హౌస్ సీఎస్‌ఎస్ జాబితా మొదట ఏర్పడింది ఆ తీరును పట్టుకోవడానికే.

క్లయింట్‌ను కొత్త ఐపీకి ఎలా మార్చాలి?

ఒకేసారి మార్చకండి. పట్టికలో పూర్తి చిరునామాకు ప్రాధాన్యం ఉంది కనుక ముందు ఒకటి రెండు చిరునామాలను, జవాబులు ఎక్కువగా వచ్చే సిబ్బంది చిరునామాలైతే మరీ మంచిది, కొత్త దారికి రాయండి. వాయిదాలు రాకపోతే కొద్ది వారాలలో మిగిలినవాటిని చేర్చి, చివరకు డొమైన్ వరుసను మార్చండి. ఎస్‌పీఎఫ్‌లో కొత్త ఐపీ ముందే చేరి ఉండాలి. జీమెయిల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో క్లయింట్ డొమైన్‌ను నమోదు చేయించుకుంటే ఫిర్యాదుల శాతం తెలుస్తుంది, అయితే పంపే పరిమాణం తగినంత ఉంటేనే అక్కడ అంకెలు కనిపిస్తాయి.

మేము ఎగ్జిమ్ లేదా సీప్యానెల్ వాడుతున్నాము. మాకు ఏమిటి?

ఎగ్జిమ్‌లో ఎస్‌ఎమ్‌టీపీ ట్రాన్స్‌పోర్ట్‌కు ఇంటర్‌ఫేస్ అనే ఎంపిక ఉంది. అందులో పంపేవారి డొమైన్‌ను ఒక ఫైలులో వెతికే లుకప్ రాయవచ్చు. సీప్యానెల్‌లో ఈ ఏర్పాటు సిద్ధంగానే ఉంటుంది: ఈటీసీ డైరెక్టరీలోని మెయిల్‌ఐపీస్ ఫైలులో డొమైన్, కోలన్, ఐపీ; మెయిల్‌హెలో ఫైలులో డొమైన్, కోలన్, హెలో పేరు. రెండు ఫైళ్లూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. లాగిన్, ఎస్‌పీఎఫ్, ఫార్వర్డింగ్ గురించి పైన చెప్పినవన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

క్లయింట్ వెళ్లిపోతే ఆ ఐపీని వెంటనే మరొకరికి ఇవ్వవచ్చా?

వెంటనే ఇవ్వకండి. ముందుగా ఆ క్లయింట్ లాగిన్‌లను రద్దు చేయండి, క్యూలో మిగిలిన ఉత్తరాలు పోయేవరకు మాస్టర్.సీఎఫ్‌లో ఆ దారి వరుసను తీసివేయకండి. డీఫాల్ట్‌గా ఒక ఉత్తరం క్యూలో 5 రోజుల వరకు ఉండగలదు. దారి ముందే మాయమైతే ఆ ఉత్తరాలు వాయిదాల్లో చిక్కుకుంటాయి. ఐపీ పేరు చెడి ఉంటే జాబితాల నుంచి తీయించి, కొంతకాలం ఖాళీగా ఉంచి, ఫార్వర్డింగ్ వంటి దారికి తక్కువ మొత్తంలో వాడి చూడండి. పాత క్లయింట్ డొమైన్ ఎస్‌పీఎఫ్‌లో మీ ఇన్‌క్లూడ్ ఇంకా ఉందేమో చూసి, ఉంటే తీసివేయమని వారికి రాతపూర్వకంగా తెలియజేయండి. వారు తీయకపోయినా నష్టం రాకుండా, ఆ ఐపీని కొత్తవారికి ఇచ్చేటప్పుడు వారికోసం కొత్త పేరుతో ఎస్‌పీఎఫ్ రికార్డు సృష్టించి, పాత పేరును ఖాళీ చేయండి.